మారిషస్ ఒప్పందం: చక్కెర దీవి ఎలా బాగుపడింది, సంస్కరణలు ఎక్కడ ఆగిపోయాయి

2024 నవంబరు ఎన్నికల్లో మారిషస్ ప్రధాన ద్వీపంలోని 60 సీట్లకు 60 ప్రతిపక్ష కూటమికే వెళ్లాయి. అప్పటిదాకా ప్రధానిగా ఉన్న ప్రవింద్ జుగ్నాథ్ సొంత సీటు కూడా నిలబెట్టుకోలేకపోయారు. పోలింగుకు కొద్ది రోజుల ముందు నాయకుల, జర్నలిస్టుల ఫోన్ సంభాషణలు బయటికి లీక్ అయ్యాయి. వాటిని ఆపాలని ప్రభుత్వం ఏకంగా సోషల్ మీడియాకే తాళం వేయబోయి, గొడవ కావడంతో వెనక్కి తగ్గింది. ఆ కోపమంతా బ్యాలెట్ పెట్టెల్లో పడింది.

విచిత్రమేమిటంటే అక్కడ ఇలా 60–0 రావడం ఇది మొదటిసారి కాదు, 1982లోనూ 1995లోనూ అచ్చంగా ఇదే ఫలితం. ప్రతిసారీ ఓడినవాళ్లు మారు మాట్లాడకుండా దిగిపోయారు. ఆఫ్రికాలో ప్రజాస్వామ్యం బాగా నడుస్తున్న దేశాల లెక్క ఎవరు తీసినా మారిషస్ పేరు పైవరుసలో ఉంటుంది. అదే దేశంలో 1968 నుంచి ఇప్పటివరకు ప్రధాని పదవి, మధ్యలో రెండేళ్లు తప్ప, రామ్‌గులామ్, జుగ్నాథ్ అనే రెండే కుటుంబాల చేతుల్లో తిరిగింది. ఆర్థికంగా గొప్ప విజయం అంటారు. మరి ఎన్నికల సంస్కరణ గురించి పాతికేళ్లుగా కమిషన్లు నివేదికలు రాస్తూనే ఉన్నాయి, అసలు మార్పు మాత్రం రాలేదు. ఈ రెండూ ఒకే దేశంలో ఎలా ఇమిడాయి? వలస పాలన నుంచి బయటపడ్డ దేశాల గురించి చర్చ వచ్చినప్పుడల్లా మారిషస్‌ను ఉదాహరణగా చూపిస్తారు కాబట్టి, ఆ ఉదాహరణ లోపల ఏముందో విప్పి చూడాలి.

మన వైపు నుంచి కూడా ఒక దారం ఉంది. కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల్లో ఓడ ఎక్కి చెరకు తోటల కూలికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి అక్కడ ఉంది. ఉగాది అక్కడ జాతీయ సెలవు.

చక్కెర కోసం మనుషుల్ని తెచ్చిన దీవి

మారిషస్‌కు మూలవాసులంటూ ఎవరూ లేరు. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో వచ్చి వదిలేసి పోయారు. 1715లో ఫ్రెంచివాళ్లు ఆక్రమించి, ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి బానిసల్ని తెచ్చి తోటలు వేశారు. 1810లో బ్రిటిష్‌వాళ్లు దీవిని గెలుచుకున్నారు గానీ ఫ్రెంచి తోటల యజమానుల భూముల్ని, భాషను, చట్టాల్ని ముట్టుకోలేదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. జెండా మారినా ఆస్తి చేతులు మారకపోవడం ఈ దీవి చరిత్రలో మళ్లీ జరుగుతుంది.

1835లో బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం యజమానులకు అందింది, 20 లక్షల పౌండ్లకు పైగా. విముక్తి పొందిన అరవై వేల పైచిలుకు మందికి దమ్మిడీ రాలేదు. ఆ డబ్బుతో తోటలు పెరిగాయి. వాటికి కూలీలు కావాలి కాబట్టి 1834 నుంచి 20వ శతాబ్దం మొదటి దశకం దాకా భారతదేశం నుంచి ఒప్పంద కూలీల్ని తెచ్చారు. బీహారు, తమిళ ప్రాంతం, మహారాష్ట్ర, తెలుగు తీరం... మొత్తం సుమారు నాలుగున్నర లక్షల మంది. ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. వాళ్లు దిగిన రాజధాని పోర్ట్ లూయీ మెట్లు ‘ఆప్రవాసీ ఘాట్’ పేరుతో 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి.

19వ శతాబ్దం చివర్లో చక్కెర ధరలు పడిపోయినప్పుడు పెద్ద ఎస్టేట్లు అంతగా లాభం లేని అంచు భూముల్ని చిన్న చిన్న ముక్కలు చేసి అమ్ముకున్నాయి. కొన్నది ఎక్కువగా భారతీయ కుటుంబాలు, రూపాయి రూపాయి కూడబెట్టి, నగలు అమ్మి. అలా చెరకు పండించే చిన్న రైతుల వర్గం ఒకటి పుట్టింది. వాళ్ల పిల్లలే తర్వాత టీచర్లు, గుమాస్తాలు, లాయర్లు, రాజకీయ నాయకులు అయ్యారు. మిల్లులు మాత్రం ఫ్రెంచి కుటుంబాలవే.

1948లో ఓటుహక్కును సడలించి, ఏదో ఒక భాషలో చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే చాలన్నారు. ఓటర్లు సుమారు 12 వేల నుంచి ఒక్కసారిగా 72 వేలకు చేరారు. ఊళ్లలో సాయంత్రం పూట ‘బైఠకా’లు అనే చిన్న బడులు పెట్టి కూలీలకు అక్షరాలు నేర్పినవాళ్ల చలవ అది. 1959లో వయోజనులందరికీ ఓటు వచ్చింది. స్వాతంత్ర్యానికి తొమ్మిదేళ్ల ముందే అందరికీ ఓటు అలవాటైందన్నమాట.

మీడ్ లెక్క ఎక్కడ సరైంది, ఎక్కడ తప్పింది

1960లో బ్రిటిష్ ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ దీవిని అధ్యయనం చేశారు. తర్వాత 1977లో నోబెల్ అందుకున్నారు కాబట్టి చిన్నా చితకా మనిషి కాదు. ఆయనకు కనిపించింది ఇదీ. మలేరియాను నిర్మూలించాక జనాభా ఏటా మూడు శాతం దాకా పెరుగుతోంది. ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా చక్కెరే. ఏడాదిలో ఒక తుపాను పంటను ఊడ్చేస్తుంది, 1960లో కరోల్ తుపాను చేసింది అదే. పైగా హిందువులు, ముస్లింలు, ఆఫ్రికా మూలాల క్రియోల్‌లు, చైనీయులు, ఫ్రెంచివాళ్లు అనే తేడాలు. ఇలాంటి చోట ఉద్యోగాల్లేని యువత పెరిగితే శాంతియుతంగా ఎదగడం కష్టం అన్నారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆయన చెప్పినట్టే నడిచాయి. 1965లో మతఘర్షణలు. 1967లో స్వాతంత్ర్యం ప్రధాన ప్రశ్నగా జరిగిన ఎన్నికల్లో దాదాపు 44 శాతం మంది స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించే పార్టీకి ఓటేశారు. హిందువుల పెత్తనం వస్తుందన్న భయం దానికి కారణం. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో అల్లర్లు చెలరేగి బ్రిటిష్ సైన్యాన్ని పిలవాల్సి వచ్చింది. మార్చి 12న జెండా ఎగరేసింది ఆ వాతావరణంలోనే. దీనికి మూడేళ్ల ముందే, 1965లో, బ్రిటన్ చాగోస్ దీవుల్ని మారిషస్ నుంచి విడదీసి 30 లక్షల పౌండ్లు చేతిలో పెట్టింది. ఆ పేచీ ఇప్పటికీ నడుస్తోంది. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విభజన చట్టబద్ధంగా జరగలేదని అభిప్రాయం చెప్పింది, 2025 మేలో చాగోస్ సార్వభౌమత్వంపై బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి.

మీడ్‌ను ‘తప్పు చెప్పిన పండితుడు’ అని ఎగతాళి చేయడం ఒక అలవాటుగా మారింది. అది అన్యాయం. మిగతావన్నీ అలాగే ఉంటే ఏమవుతుందో ఆయన చెప్పారు. కూలికి ఎక్కువమంది పనిచేసే పరిశ్రమలు పెట్టమనీ, జనాభా పెరుగుదల తగ్గించమనీ సలహా కూడా ఇచ్చారు. జరిగింది ఏమిటంటే మిగతావి అలాగే ఉండలేదు.

భూమి మీది, ఓటు మాది

స్వాతంత్ర్యం వచ్చిన దేశాల్లో 1960లలో తరచూ కనిపించిన దారి జాతీయం చేయడం. వలస పాలకుల తోటల్ని, గనుల్ని ప్రభుత్వం తీసుకోవడం. మారిషస్ తొలి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్ లేబర్ పార్టీ మనిషి, అలా చేస్తారనే చాలామంది అనుకున్నారు. ఆయన చేయలేదు. ఎస్టేట్లు, మిల్లులు ఫ్రెంచి కుటుంబాల దగ్గరే ఉండిపోయాయి. బదులుగా ప్రభుత్వం చక్కెర ఎగుమతి మీద సుంకం వసూలు చేసి, ఆ డబ్బుతో బడులు, ఆస్పత్రులు, వృద్ధాప్య పెన్షన్ నడిపింది. 1977 నుంచి హైస్కూలు చదువు కూడా ఉచితం. సైన్యం పెట్టుకోలేదు, పోలీసులు, వాళ్లలోనే ఒక ప్రత్యేక దళం ఉన్నాయంతే. సైన్యం లేకపోవడం వల్ల ఖర్చు మిగిలింది, తిరుగుబాటు చేసేవాళ్లూ లేకుండా పోయారు.

1969లో రామ్‌గులామ్ ఇంకో అడుగు వేశారు. స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించిన గేతాన్ దువాల్ పార్టీతోనే పొత్తు పెట్టుకుని ప్రభుత్వంలోకి తీసుకున్నారు. నిన్నటిదాకా తిట్టుకున్నవాళ్లు కేబినెట్లో పక్కపక్కన కూర్చున్నారు. మనకు ఇలాంటి పొత్తులు కొత్త కాదు గనుక ఆశ్చర్యం ఉండదు. కానీ అక్కడ దాని అర్థం వేరు. స్వాతంత్ర్యానికి ఓటేయని 44 శాతం మందికి కూడా కొత్త దేశంలో వాటా ఉందని చెప్పినట్టయింది.

ఈ సర్దుబాటును ఎవరూ కాగితం మీద రాయలేదు. అయినా అందరికీ తెలిసిన ఒప్పందమే. సంపద పాతవాళ్ల దగ్గర, అధికారం మెజారిటీ దగ్గర, మధ్యలో సంక్షేమం. నా దృష్టిలో మారిషస్ కథలో అసలు ముడి ఇదే, మంచికైనా చెడుకైనా.

గోడ లేని ఎగుమతి జోన్

1970లో ఎగుమతి జోన్ చట్టం వచ్చింది. తైవాన్‌లో ఇలాంటిది చూసి వచ్చిన ప్రొఫెసర్ లిమ్ ఫాట్ దానికి గట్టిగా వాదించారు. ఎగుమతి జోన్ అంటే విదేశాలకు అమ్మడానికే సరుకు చేసే ఫ్యాక్టరీలకు పన్నులు, సుంకాలు లేకుండా చేసే ఏర్పాటు. ఆసియాలో తొలి జోన్ 1965లో మన కాండ్లాలో వచ్చింది, విశాఖ దువ్వాడ జోన్ 1989లో. ఇవన్నీ కంచె వేసిన స్థలాలు. మారిషస్ కంచె వేయలేదు. దీవిలో ఎక్కడ ఫ్యాక్టరీ పెట్టినా, సరుకంతా ఎగుమతి చేస్తే అది జోన్ కిందికే వస్తుంది. ఫ్యాక్టరీ ఊరి దగ్గరికే రావడంతో పొలం పనికి తప్ప గడప దాటని ఆడవాళ్లు కుట్టు మిషన్ల ముందుకు వచ్చారు.

ఇక్కడే చాలామంది తికమక పడే విషయం ఉంది. మారిషస్ ‘స్వేచ్ఛా మార్కెట్ విజయం’ అంటారు కొందరు. ‘ప్రభుత్వ నియంత్రణ విజయం’ అంటారు ఇంకొందరు. రెండూ సగం సగమే నిజం. ఇద్దరు వ్యాపారుల్ని ఊహించుకోండి. ఒకరు స్వెటర్లు చేసి ఫ్రాన్స్‌కు పంపుతారు. ఆయన ఉన్ని మీద సుంకం కట్టరు, మిషన్ల మీద కట్టరు, లాభం మీద కొన్నేళ్లు పన్ను కూడా ఉండదు. ఇంకొకరు స్థానిక మార్కెట్‌కు చెప్పులు చేస్తారు. ఆయనకు ఈ రాయితీలు లేవు, కానీ విదేశీ చెప్పుల మీద భారీ దిగుమతి సుంకం ఉంది కాబట్టి పోటీ లేదు. మొదటివాళ్లను ప్రపంచంలోకి తోశారు, రెండోవాళ్లను ప్రపంచం నుంచి కాపాడారు. స్థానిక పరిశ్రమలో ఉద్యోగం పోగొట్టుకుని వీధిన పడ్డవాళ్లు లేరు కాబట్టి, తెరుచుకోవడాన్ని వ్యతిరేకించే వర్గం కూడా తయారు కాలేదు. ఆర్థికవేత్త డాని రోడ్రిక్ లాంటివాళ్లు మారిషస్‌ను పదే పదే ప్రస్తావించేది ఈ రెండు దారుల పద్ధతి కోసమే.

దీనికి ధర లేదా? ఉంది. జోన్ ఫ్యాక్టరీల్లో ఉద్యోగిని తీసేయడం తేలిక, ఓవర్‌టైమ్ తప్పనిసరి, ఆడవాళ్ల కనీస వేతనం మగవాళ్లకన్నా తక్కువ. ఇదంతా చట్టంలోనే ఉండేది. ఆ ‘అద్భుతం’ తొలి ఇరవై ఏళ్లు ఎక్కువగా తక్కువ కూలికి పనిచేసిన ఆడవాళ్ల భుజాల మీద నడిచింది. 1990ల నాటికి దీవిలో నిరుద్యోగం దాదాపు మాయమై, చైనా, బంగ్లాదేశ్, భారత్‌ల నుంచి కార్మికుల్ని తెచ్చుకోవాల్సి వచ్చింది. ఒకప్పుడు కూలీలుగా వచ్చినవాళ్ల మనవలు ఇప్పుడు కూలీల్ని రప్పించుకునేవాళ్లయ్యారు.

అదృష్టం ఎంత, తెలివి ఎంత: ఫిజీ పక్కన పెట్టి చూస్తే

1970ల మొదట్లో ప్రపంచ చక్కెర ధర చుక్కలనంటింది. 1975లో యూరప్‌తో లోమే ఒప్పందం కుదిరింది. అందులోని చక్కెర భాగం ప్రకారం మాజీ వలస దేశాల నుంచి యూరప్ ఏటా కొంత చక్కెరను ముందే నిర్ణయించిన ధరకు కొనాలి. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా మారిషస్‌ది, ఏటా అయిదు లక్షల టన్నులకు పైగా. అనేక ఏళ్లలో ఆ ధర ప్రపంచ మార్కెట్ ధరకు రెట్టింపు, కొన్నిసార్లు అంతకు మించి. బట్టల విషయంలోనూ ఇంతే. హాంకాంగ్ మీద అమెరికా, యూరప్‌లు దిగుమతి కోటాలు పెట్టాయి, మారిషస్‌కు అంత ఇబ్బంది లేదు. దాంతో హాంకాంగ్ వ్యాపారులు మిషన్లు ఓడల్లో వేసుకుని ఇక్కడికి వచ్చారు.

అయితే ఇదంతా అదృష్టమేనా? ఈ ప్రశ్నకు పరీక్షలాంటి దేశం ఒకటుంది, ఫిజీ. అదీ చెరకు దీవే. అదీ బ్రిటిష్ వలసే, 1970లో స్వాతంత్ర్యం. అక్కడికీ 1879–1916 మధ్య అరవై వేల మంది భారతీయ కూలీలు వెళ్లారు, 1903 తర్వాత వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అదే లోమే ఒప్పందంలో ఫిజీకీ చక్కెర వాటా ఉంది. కానీ ఫిజీలో 1987లో రెండుసార్లు, 2000లో, 2006లో ప్రభుత్వాల్ని కూలదోశారు. 2000లో పడిపోయింది భారతీయ సంతతి నుంచి వచ్చిన తొలి ప్రధాని మహేంద్ర చౌదరి ప్రభుత్వం. వేలాది కుటుంబాలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు వెళ్లిపోయాయి.

అదృష్టం ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ వచ్చింది? ఒక వాదన ప్రకారం భూమి దగ్గర. ఫిజీలో మూలవాసులున్నారు, భూమిలో సింహభాగం వాళ్ల తెగలదే, భారతీయ రైతులు కౌలుదారులు. ‘ఈ నేల ఎవరిది’ అన్న ప్రశ్నకు అక్కడ ఒక వర్గం దగ్గర తిరుగులేని జవాబు ఉంది. మారిషస్‌లో అందరూ బయటి నుంచి వచ్చినవాళ్లే. ఇంకో వాదన సైన్యం గురించి. ఫిజీ సైన్యంలో దాదాపు అందరూ ఒకే వర్గంవాళ్లు. మూడో వాదన సంస్థలది. మారిషస్‌లో కోర్టులు, ఎన్నికల సంఘం, తుది అప్పీలుకు లండన్ ప్రివీ కౌన్సిల్ గట్టిగా నిలిచాయంటారు. ఈ చివరిదాన్ని నేను కొంచెం అనుమానంగా చూస్తాను. ఫిజీకి కూడా అదే బ్రిటిష్ కోర్టులు, అదే పార్లమెంటు దక్కాయి, నిలబడలేదు. సంస్థలు మంచివి కావడంతో పాటు వాటిని కూలదోస్తే తమకే నష్టమని బలమున్న ప్రతి వర్గానికీ అనిపించాలి. మారిషస్ ఒప్పందం సరిగ్గా అలా అనిపించేలా చేసింది.

ప్రజాస్వామ్యం ఆగిన అయిదేళ్లు

మారిషస్‌ను పొగిడే వ్యాసాల్లో తరచూ జారిపోయే ఘట్టం ఒకటుంది. 1969లో యువకులు కొందరు మతం, కులం పక్కనపెట్టి వర్గ రాజకీయం చేద్దామని కొత్త పార్టీ పెట్టారు. పాల్ బెరాంజే వాళ్లలో ముఖ్యుడు. 1971లో ఓడరేవు, రవాణా కార్మికుల సమ్మెలు దీవిని ఆపేశాయి. ప్రభుత్వం ఎమర్జెన్సీ విధించి నాయకుల్ని జైల్లో పెట్టింది, పత్రికలకు సెన్సార్ తెచ్చింది. 1972లో జరగాల్సిన ఎన్నికల్ని 1976కు జరిపింది.

‘అభివృద్ధి ముందు, ప్రజాస్వామ్యం తర్వాత’ అనేవాళ్లు ఈ అయిదేళ్లను చూపిస్తారు. ఎగుమతి జోన్ నిలదొక్కుకున్నది సమ్మెలు అణిచేసిన ఆ కాలంలోనేగా అంటారు. ఎదుటివాళ్ల జవాబూ బలమైనదే. జోన్ నిజంగా దూసుకుపోయింది 1983 తర్వాత, అంటే ప్రజాస్వామ్యం పూర్తిగా తిరిగొచ్చాక. మధ్యలో 1979లో 30 శాతం, 1981లో 20 శాతం మారిషస్ రూపాయి విలువ తగ్గించి, ఐఎంఎఫ్ షరతుల కింద నలిగిన కాలం ఉంది.

1976లో కొత్త పార్టీకే అందరికన్నా ఎక్కువ సీట్లు వచ్చినా మిగతావాళ్లు కలిసి ప్రభుత్వం ఏర్పరచారు. 1982లో మాత్రం దాని కూటమి 60–0తో గెలిచింది. స్వాతంత్ర్యం తెచ్చిన రామ్‌గులామ్ సొంత సీట్లో ఓడి, మౌనంగా దిగిపోయారు. సోషలిజం మాట్లాడి గెలిచిన కొత్త ప్రభుత్వం ఎగుమతి జోన్‌ను ముట్టుకోలేదు. ఏడాదిలోపే అది చీలిపోయింది, ప్రధాని అనిరుధ్ జుగ్నాథ్ వేరు కుంపటి పెట్టి మళ్లీ గెలిచారు. విధానం మాత్రం మారలేదు. ఎన్నికలు వాయిదా వేసే దారికి తర్వాత రాజ్యాంగంలోనే గట్టి గొళ్లెం పెట్టారు. సభ గడువు నిబంధన మార్చాలంటే ఓటర్లలో నాలుగింట మూడు వంతుల మంది ప్రజాభిప్రాయ సేకరణలో ఒప్పుకోవాలి, సభలో సభ్యులందరూ ఒప్పుకోవాలి.

ఓడినవాళ్లకు సీటు: బెస్ట్ లూజర్ లెక్క

60–0 ఎందుకు వస్తుందో ముందు చూద్దాం. ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానిలో ముగ్గురు ఎమ్మెల్యేలు, ఓటరుకు మూడు ఓట్లు. వంద మంది ఓటర్లున్న చోట 55 మంది తమ మూడు ఓట్లూ ఒకే కూటమికి వేస్తే ముగ్గురూ ఆ కూటమివాళ్లే. ఇరవై చోట్లా గాలి ఒకవైపే వీస్తే 55 శాతం ఓట్లకు నూరు శాతం సీట్లు. రోడ్రిగ్స్ దీవికి వేరుగా రెండు. మొత్తం 62.

ఇలాంటి పద్ధతిలో చిన్న వర్గాలకు సీట్లే రాకపోవచ్చన్న భయంతో స్వాతంత్ర్యానికి ముందు ‘బెస్ట్ లూజర్’ పద్ధతి పెట్టారు. ఓడినవాళ్లలో బాగా ఓట్లు తెచ్చుకున్నవాళ్లకు గరిష్ఠంగా ఎనిమిది సీట్లు. రాజ్యాంగం గుర్తించే వర్గాలు నాలుగే: హిందూ, ముస్లిం, చైనీయ, మిగతావాళ్లంతా ‘సాధారణ జనాభా’. క్రియోల్‌లు, ఫ్రెంచివాళ్లు ఇద్దరూ ఈ చివరి గంపలోనే. బానిసల వారసులు, యజమానుల వారసులు ఒకే వర్గం! తెలుగు, తమిళ, మరాఠీవాళ్లు హిందూ లెక్కలో కలుస్తారు.

లెక్క ఎలా చేస్తారో ఊహించుకున్న ఫలితంతో చూద్దాం. వర్గాల జనాభా గుండ్రంగా 4.28 లక్షలు, 1.37 లక్షలు, 24 వేలు, 2.37 లక్షలు. గెలిచిన 62 మందిలో హిందువులు 36, ముస్లింలు 8, చైనీయులు 1, సాధారణ జనాభా 17 అనుకుందాం. ప్రతి వర్గం జనాభాను దాని సీట్లకు ఒకటి కలిపి భాగించాలి. హిందూ: 4,28,000ను 37తో భాగిస్తే 11,568. ముస్లిం: 1,37,000ను 9తో, 15,222. చైనీయ: 24,000ను 2తో, 12,000. సాధారణ: 2,37,000ను 18తో, 13,167. ఎక్కువ వచ్చింది ముస్లిం వర్గానికి, తొలి సీటు వాళ్లది. మళ్లీ చేస్తే ముస్లిం సంఖ్య 13,700కు తగ్గుతుంది, అయినా అదే పైన. రెండోదీ వాళ్లదే. మూడోసారి 12,455, ఇప్పుడు సాధారణ జనాభా పైకి వస్తుంది. ఇలా మొదటి నాలుగూ పార్టీతో సంబంధం లేకుండా, తర్వాతి నాలుగూ పార్టీల బలాబలాలు చెడకుండా పంచుతారు. తల తిరిగితే తప్పు మీది కాదు.

తమాషా ఏమిటంటే ఇందులో వాడే జనాభా లెక్కలు 1972 నాటివి. ఆ తర్వాత జనగణనలో ‘నీది ఏ వర్గం’ అన్న ప్రశ్నే తీసేశారు, మనుషుల్ని వర్గాలుగా విడదీయకూడదని. పౌరుణ్ని అడగకూడదు కానీ అభ్యర్థి మాత్రం తన వర్గం రాసివ్వాలి. రాయబోమని చెప్పిన అభ్యర్థుల నామినేషన్లు తిరస్కరించారు. వాళ్లు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్తే, 2012లో అది వాళ్ల వైపే మాట్లాడింది. కొత్త లెక్కలు లేకుండా వర్గం ప్రకటించమనడం హక్కుల ఉల్లంఘన అంది. 2014లో ఆ ఒక్క ఎన్నికకు తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చి ఊరుకున్నారు. అంతకుముందు 2001–02లో దక్షిణాఫ్రికా న్యాయమూర్తి ఆల్బీ సాక్స్ కమిషన్ ఓట్ల నిష్పత్తి ప్రకారం నింపే 30 అదనపు సీట్లు పెట్టమంది. అదీ ఫైలులోనే ఉంది.

ఎందుకు మార్చరు? తీసేస్తే మైనారిటీలకు ఉన్న ఒకే హామీ పోతుందని ముస్లిం సంఘాలు గట్టిగా అంటాయి, 1968 జనవరి అల్లర్లు గుర్తున్న ఊళ్లో ఆ భయాన్ని కొట్టిపారేయలేం. ఉంచితే రాజకీయం ఎప్పటికీ వర్గాల లెక్కగానే ఉంటుందని అవతలివాళ్లు అంటారు, అదీ నిజమే. కొత్త జనగణన చేస్తే ఎవరి వాటా పెరుగుతుందో, ఎవరిది తగ్గుతుందో తేలిపోతుంది. ఆ టెన్షన్ ఏ ప్రభుత్వానికీ అక్కర్లేదు. 1998లో కొత్త కరెన్సీ నోట్ల మీద తమిళ అక్షరాల కంటే హిందీ ముందు అచ్చయినందుకే నిరసనలు చెలరేగి నోట్లు వెనక్కి తీసుకున్న దేశం అది.

ఒప్పందంలో లేనివాళ్లు

1999 ఫిబ్రవరిలో కాయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోయాడు. దీవి సంగీతమైన సెగాను జమైకా రెగేతో కలిపి ‘సెగ్గే’ అనే సంగీతాన్ని అతనే తెచ్చాడు. దీవి రోజుల తరబడి మండింది. అప్పటికే ‘క్రియోల్ నలత’ అనే మాట వాడుకలో ఉంది. చదువులో, ఉద్యోగాల్లో, ఇళ్లలో వెనకబడ్డ బానిసల వారసుల పరిస్థితికి పెట్టిన పేరు అది. సర్కారు కొలువులు రాజకీయ బలమున్నవాళ్లకు, కంపెనీలు పాత కుటుంబాలకు వెళ్తే ఈ మూడోవాళ్లకు మిగిలింది తక్కువ. 2009లో ప్రభుత్వం సత్య, న్యాయ కమిషన్ వేసింది. 2011లో అది బానిసత్వం, ఒప్పంద కూలి రెండింటి మీదా నివేదిక ఇచ్చింది, భూములు పోగొట్టుకున్న కుటుంబాల వివరాలతో సహా. అమలు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

చక్కెర తర్వాత: పన్ను దారి, పెన్షన్ భారం

2005 నుంచి పాత రాయితీలు ఒక్కటొక్కటిగా పోయాయి. బట్టల కోటాలు ఎత్తేశారు, యూరప్ చక్కెర ధరను 36 శాతం కోసింది. ఆర్థిక మంత్రి రామా సిథానెన్ 2006లో పన్నుల్ని 15 శాతం ఒకే రేటుకు తెచ్చి, బ్యాంకింగ్, పర్యాటకం, ఆఫ్‌షోర్ సేవల వైపు దేశాన్ని మళ్లించారు.

ఆఫ్‌షోర్ అంటే మనకు బాగా తెలిసిన ‘మారిషస్ రూటు’. ఒక అమెరికా ఫండు మారిషస్‌లో కంపెనీ పెట్టి, దాని ద్వారా హైదరాబాద్ కంపెనీ షేర్లు 100 కోట్లకు కొని 150 కోట్లకు అమ్మిందనుకోండి. 1982 నాటి పన్ను ఒప్పందం ప్రకారం ఆ 50 కోట్ల లాభం మీద పన్ను వేసే హక్కు మారిషస్‌దే. మారిషస్‌లో అలాంటి పన్నే లేదు. ఎక్కడా కట్టనక్కర్లేదన్నమాట. 2003లో మన సుప్రీంకోర్టు ఇది చెల్లుతుందంది. 2016లో ఒప్పందం మార్చారు. 2017 ఏప్రిల్ 1 తర్వాత కొన్న షేర్ల లాభం మీద భారత్ పన్ను వేస్తుంది. 2020లో అంతర్జాతీయ మనీలాండరింగ్ నిఘా సంస్థ మారిషస్‌ను గ్రే లిస్టులో, అంటే కన్నేసి ఉంచాల్సిన దేశాల జాబితాలో, పెట్టి, 2021 అక్టోబరులో తీసేసింది.

అదే 2020 జూలైలో ప్రపంచ బ్యాంకు మారిషస్‌ను అధిక ఆదాయ దేశంగా ప్రకటించింది. కోవిడ్‌తో పర్యాటకం కుప్పకూలి మరుసటి ఏడాదే కిందికి జారింది.

ఇప్పుడు, 2024లో గెలిచిన నవీన్ రామ్‌గులామ్ ప్రభుత్వం ముందున్న చిక్కు పాత ఒప్పందంలోని సంక్షేమ భాగమే. 60 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, పేదా ధనికా తేడా లేకుండా వచ్చే పెన్షన్‌ను 65 ఏళ్లకు మెల్లగా జరుపుతామని 2025 జూన్ బడ్జెట్‌లో చెప్పగానే వీధుల్లోకి జనం వచ్చారు. జనాభా పెరుగుతోందని మీడ్ భయపడ్డ దీవిలో ఇప్పుడు పిల్లలు తగ్గి ముసలివాళ్లు పెరుగుతున్నారు. ఎన్నికల పద్ధతి మార్చడానికి సభలో నాలుగింట మూడు వంతుల మెజారిటీ కావాలి. అది ఈ ప్రభుత్వానికి కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. తనకు అంత మెజారిటీ ఇచ్చింది మాత్రం ఆ పద్ధతే. ఇక ఓడిన కూటమికి పావు వంతుకు పైగా ఓట్లు వచ్చినా, ప్రధాన ద్వీపం నుంచి దాని తరఫున సభలో కూర్చున్నవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరూ వచ్చింది 1972 లెక్కలతో నడిచే బెస్ట్ లూజర్ దారిలోనే.